నలభై ఏడో అర

"ఇదిగోండి మీ బిళ్ల. నా నాణెం నాకిచ్చేయండి."

శివనాగరాజు ఆయాసపడుతూ ఇత్తడి బిళ్లను చెప్పుల స్టాండు బల్ల మీద పెట్టాడు. దాని మీద నలభై ఏడు అని చెక్కి ఉంది. మంగళగిరి కొండ మెట్ల దగ్గర ఆ స్టాండు వెంకటేశ్వరమ్మది. ఆవిడ బిళ్లను చూసింది, అతన్ని చూసింది, అతని వెనకాల చెప్పులు పట్టుకుని నిలబడ్డ తొమ్మిదిమందినీ చూసింది.

"ఏం నాణెం అబ్బాయ్?"

"పొద్దున కొండ దిగొచ్చి, బిళ్ల అనుకుని జేబులోంచి నా నాణెం తీసి మీకిచ్చానండి. ఆఫీసుకెళ్లి చూసుకుంటే మీ బిళ్ల నా జేబులోనే ఉంది."

"నువ్వు నలభై ఏడు అంటూ ఇచ్చావు, నేను బిళ్లేగా అని తీసుకున్నా. పక్కకు జరుగు. జనం తగ్గాక చూద్దాం."

శివనాగరాజు పక్కకు జరిగాడు గానీ, పోగొట్టుకున్నవాడి నోరు ఊరుకోదు.

"అది మామూలు నాణెం కాదండి. జియోకాయిన్."

"సిమ్ము కొంటే ఇస్తారా?"

"కాదండీ. అదొక ఆట. ఎవరో ఒక డబ్బాని ఏ గుట్ట మీదో, వంతెన కిందో దాచి, ఆ చోటు గుర్తులు ఫోన్లో పెడతారు. మనం వెతుక్కుంటూ పోయి పట్టుకోవాలి. డబ్బాలో నాణెం ఉంటే తీసుకెళ్లి ఇంకో ఊళ్లో ఇంకో డబ్బాలో వెయ్యాలి. అలా చేతులు మారుతూ దేశాలు తిరుగుతుంది."

వెంకటేశ్వరమ్మ ఒక జత అందుకుని, ఒక బిళ్ల అందించింది. "మా బిళ్లలూ అంతే. పొద్దుట్నుంచీ చేతులు మారతాయి, మాపటికి కొంపకు చేరతాయి. ఇందులో గొప్పేముంది?"

అతనికి పౌరుషం వచ్చింది. సేకరించేవాళ్లతో ఇదే చిక్కు. వస్తువును తక్కువ చేస్తే చాలు, అది పోయిందన్న బాధ కూడా మర్చిపోయి దాని గొప్పలు చెప్పడానికి కూర్చుంటారు. నాణెం మీది తాబేలు బొమ్మ గురించి చెప్పాడు. తాబేలు వీపు మీది దిక్సూచి గురించి, వేలితో తడితే దాని ముల్లు గిర్రున తిరగడం గురించి, దీపం ఆర్పితే అది పచ్చగా వెలగడం గురించి చెప్పాడు.

"మీ నలభై ఏడు పోతే ఇంకో నలభై ఏడు చేయించుకుంటారు. నా నాణెం మీదున్న నంబరు ప్రపంచం మొత్తంలో ఇంకే నాణెం మీదా ఉండదండి. ఇంట్లో ఇంకో అరవై రెండున్నాయి, దేని నంబరు దానిదే. అరచేతిలో పెట్టుకుంటే... ఎలా చెప్పను, ఇది నాది, ఇంకెవరి దగ్గరా లేదు అనిపిస్తుంది."

"ఇంకెవరి దగ్గరా లేదా?"

"లేదండి."

"కోటీశ్వరుల దగ్గర కూడానా?"

"ఎవరి దగ్గరా లేదు."

రోజంతా ఎవరెవరివో చెప్పులు ఎత్తిపెట్టే మనిషికి ఆ మాట కొత్తగా వినిపించింది.

"మరి నీ నాణెం ఇప్పటికి ఎన్ని ఊళ్లు తిరిగింది?"

"అది... ఇంకా వదల్లేదండి. మనసొప్పలేదు. జేబులోనే పెట్టుకుంటున్నా."

"తిరగాల్సినదాన్ని జేబులో పెట్టుకున్నావన్నమాట."

ఆవిడ బల్ల కిందికి వంగి రేకు డబ్బాలో బిళ్లలు గలగలా కెలికింది. చాలాసేపే కెలికింది. లేచి నెత్తి కొట్టుకుంది.

"అయ్యో, నా మతి మండా! నలభై ఏడు బిళ్ల నీ దగ్గరుండిపోయిందిగా. దాని బదులు నీ నాణెమే ఒకావిడకిచ్చా. పైకెళ్లింది."

శివనాగరాజు గిరుక్కున మెట్ల వైపు తిరిగాడు. "ఎలా ఉంటారండీ ఆవిడ?"

"ఎట్లా ఉంటుంది, ఆడమనిషి లాగే ఉంటుంది. కంగారుపడమాక. చెప్పులిక్కడే ఉన్నాయి. వాటికోసమైనా దిగి రావాల్సిందే."

నలభై ఏడో అరలో అరిగిపోయిన ఆడవాళ్ల చెప్పులున్నాయి. ఒకదానికి పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది. శివనాగరాజు వాటికి ఎదురుగా కాపలా కూర్చున్నాడు. మెట్లు దిగే ప్రతి ఆడమనిషి కాళ్ల వంకా, చేతుల వంకా చూశాడు. ఆ చూపేంటని ఒకావిడ మొగుడు కొట్టడానికొచ్చాడు కూడా.

"అది ఎక్కడుందో నీ ఫోన్లో కనపడదా అబ్బాయ్?"

"అది దొరికినవాళ్లు దాని మీది నంబరు ఫోన్లో కొడితేనే తెలుస్తుందండి."

"కొట్టకపోతే?"

"ఎప్పటికీ తెలీదు."

"అట్లాగా," అంది ఆవిడ జాలిగా.

కొండ మీది గుడి చీకటి పడకముందే మూసేస్తారు. ఆ తర్వాత దేవతలొచ్చి పూజ చేసుకుంటారని నమ్మకం. దేవతలకు చెప్పుల స్టాండుతో పనిలేదు. ఒక్కో అరా ఖాళీ అయిపోయింది. ఆఖరికి పూజారి కూడా దిగొచ్చాడు. నలభై ఏడో అర అలాగే ఉంది.

"పైన ఇంకెవరూ లేరటండీ." శివనాగరాజు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంట్లో అరవై రెండున్నాయన్న సంగతి అతనికి ఏమాత్రం ఓదార్పు కాలేదు.

"జనంలో కలిసిపోయి, మర్చిపోయి బస్సెక్కేసిందేమో. రేపొస్తుందిలే. చెప్పులు ఎవరు వదులుకుంటారు?"

"అవి మాత్రం ఎవరికీ ఇవ్వకండి పిన్నిగారూ. మీకు దణ్ణం పెడతా."

"నా ప్రాణం పోయినా ఇంకొకరి కాళ్లకు పోనివ్వను," అంది వెంకటేశ్వరమ్మ.

అతను తన ఫోన్ నంబరు రాసిచ్చి, ఆ చెప్పుల వంక రెండుసార్లు ఆశగా వెనక్కి తిరిగి చూసి, బండెక్కి వెళ్లిపోయాడు.

బండి మలుపు తిరిగేదాకా ఆగి, వెంకటేశ్వరమ్మ కొంగున ముడేసిన నాణేన్ని ఒకసారి తడుముకుని, నలభై ఏడో అరలోంచి తన చెప్పులు తీసి తొడుక్కుంది.