ఒక్క విడత యూరియా

"చేతి తొడుగులెందుకే? మక్కలకు యూరియా ఏస్తున్నవా, ఆపరేషన్ చేస్తున్నవా?"

మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్న మొగుడు పరుశురాం అడిగాడు. ఊర్మిళ రబ్బరు తొడుగులను సంచిలో చీరల కిందికి తోసింది. రెండే చీరలు. సూరత్‌లోని ఉధ్నా స్టేషన్‌కు రైలు రావడానికి ఇంకా మూడు గంటలుంది.

ఊళ్లో ఎకరన్నర చేను ఊర్మిళది. తండ్రి రాసిచ్చాడు. పన్నెండేళ్లుగా ఆమె ప్రతి వానాకాలం మూడుసార్లు సూరత్ నుంచి ఊరికి పోయి వస్తోంది. మక్కజొన్న విత్తడానికి ఒకసారి, మొక్క మోకాలెత్తు పెరిగాక యూరియా వేయడానికి ఒకసారి, పూతకు ముందు మళ్లీ యూరియా వేయడానికి ఇంకోసారి. పోయిన ప్రతిసారీ పదేసి రోజులు అక్క సంధ్యారాణి ఇంట్లో ఉండేది. పరుశురాం పనిచేసే కార్ఖానా మగ్గాల చప్పుడు వినపడని ఆ రోజుల కోసమే ఆమె మిగతా ఏడంతా గడిపేది. ఈ ఏడు ఆ మూడింటిలో రెండు ప్రయాణాలు తప్పిపోతున్నాయి.

ఎందుకంటే పరుశురాం ఫోన్లో వీడియోలు చూసి రైతయ్యాడు. చేనులో కాలు పెట్టి పదేళ్లయింది. అయినా మక్క మొక్కకు ఎప్పుడు ఆకలవుతుందో మొక్క కంటే తనకే బాగా తెలుసన్నట్టు మాట్లాడతాడు.

"మళ్లొకసారి చెప్త. నీ బుర్రకెక్కదు గని ఇను. మామూలు యూరియా తడి తగలంగనే కరుగుతది. చిన్న మొక్క దాన్ని తింటది. ఇంకోటి పొర యూరియా. గింజ చుట్టూ పొర ఉంటది. లోపలి మందు రోజింత బయటికొస్తది. మొక్క పెద్దగైనంక దాన్ని తింటది. రెండూ కలిపి విత్తిన నాడే ఏస్తే అయిపాయె. మళ్ల పోవుడు లేదు."

"అంతా పొరదే ఏస్తే?"

"పిచ్చిదానా! అది కరిగేదాక మొక్క ఏం తినాలె, నీ తలకాయా? అందుకే కలుపుడు. పొరది రెండు తట్టలు, మామూలుది ఒక తట్ట. చేతితోనే కలుపు. పారతోని గుద్దితే పొర పగులుతది."

ఊర్మిళ కాగితం మీద మెల్లగా రాసుకుంది. అక్షరాలు చూసి పరుశురాం నవ్వాడు. "కోడి కెలికినట్టున్నది."

"ఇత్తనం పక్కపొంటి ఇంత యూరియా పడితే మాడదా?"

పరుశురాం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఈ సంగతి ఆయనకు గుర్తు లేదు. ఫోన్ తీసి రెండు నిమిషాలు వేలితో జరిపి చూశాడు.

"నాలుగు వేళ్ల ఎడం పెట్టి మట్టి కప్పాలె. నేను చెప్పబోతనే ఉన్న, నువ్వు నడుమల దూరినవ్."

పక్క గదిలో ఉండే ఆగయ్య గుమ్మంలోకి వచ్చాడు. ముప్పై ఏళ్లు మగ్గాలు నడిపి మానేసిన ముసలాయన. "ఏంది బిడ్డా, పయనమైనవా?"

"ఒక్కటే పయనం కాకా, ఈ ఏడు!" పరుశురాం అందుకున్నాడు. "మీరంత ఎడ్డోళ్లు. పిడికెడు యూరియా కోసం ఏడాదికి మూడుసార్లు రైలెక్కుతరు."

"ఆమె ఇష్టంగనే పోతది గదరా."

"ఎందుకు పోదు? ఈడ వండుడు తప్పుతది. పోయినేడు మా చెల్లె నీరజ వండిపెట్టింది. దాని పెండ్లి అయిపాయె. ఇగ నేను హోటల్ల తినాల్నా? ఈ గుజరాతోళ్లు పప్పుల బెల్లమేస్తరు కాకా, బెల్లం!"

ఊర్మిళ సంచి జిప్పు సగం వేసి ఆగింది. "పన్నెండేండ్లు మూడేసి సార్లు పోయిన. పోయినన్ని సార్లు రాలేదా? జర నడుమ ఒక్కసారన్న పోనియ్యి. చేను చూసుకొని వస్త."

"చూసి ఏం జేస్తవ్? నేను చెప్పకుంటే యూరియా సంచి ఏ దిక్కు ఇప్పాల్నో తెల్వదు నీకు."

ఆగయ్య ఇబ్బందిగా దగ్గాడు. ఊర్మిళ ఇంకేమీ అడగదనుకున్నారు ఇద్దరూ. కానీ ఆమె మళ్లీ కాగితం తీసింది.

"ఒక్కసారి ఏస్తే కోతదాక యూరియా అక్కర లేదా?"

"లేదు. నువ్వున్నా ఒకటే, లేకున్నా ఒకటే."

"వచ్చే ఏడు గూడ ఇవే పాళ్లా?"

"ప్రతి ఏడూ ఇవే. సక్కగ రాసుకో. మళ్ల మళ్ల నన్ను సతాయించకు."

ఆమె రాసుకుంది. కాగితం మడిచి రవికలో పెట్టుకుంది.

స్టేషన్‌లో పరుశురాం సంచి మోయలేదు గాని సలహాలు మోశాడు. "వచ్చే శుక్రవారం పొద్దుగాల దిగాలె. ఆటో కోసం ఆగకు, నడువు. నాకు అన్నం డబ్బా కట్టాలె." ఊర్మిళ తలూపింది. రైలు కదిలేముందే ఆయన వెనక్కి తిరిగాడు.

మంగళవారం ఆమె ఫోన్ చేసింది. "కలిపిన. నాలుగు వేళ్ల ఎడం పెట్టి ఏసిన. వాన పడ్డది."

"పొర పలగ్గొట్టినవా?"

"లేదు."

"ఎవలు చెప్తే చేసినవ్?"

"నువ్వు చెప్తేనే."

"గట్ల ఒప్పుకో," అని ఫోన్ పెట్టేశాడు.

ఆ రోజు కార్ఖానాలో మగ్గం మగ్గానికీ పోయి చెప్పాడు, పెండ్లాం రెండు పయనాలు తాను ఎట్లా తప్పించాడో. గురువారం దాకా అంట్లు ఒక్కటీ తోమలేదు. అడుగంటిన అన్నం గంజు, ఎండిన కంచాలు, చాయ్ గ్లాసులు అన్నీ ఆమె కోసం గిన్నెలు కడిగే మోరీ దగ్గర పోగు పెట్టాడు. ఉల్లిగడ్డలు, వంకాయలు తెచ్చి గుమ్మంలోనే పెట్టాడు. రాగానే వెతుక్కోకుండా వండేయాలని.

ఊర్మిళ ఆ శుక్రవారం రాలేదు, ఆ తర్వాత ఎన్నడూ రాలేదు.