నమిలిన ముద్ద

"పొద్దున నేను స్నానానికి వెళ్లినప్పుడు, నా గదిలోంచి తువ్వాలు కింద ఏం దాచి పట్టుకెళ్లావ్?"

పెద్దకోడలు అడిగిన ఈ మాటకి భోజనాల బల్ల దగ్గర అందరి చేతులూ ఆగిపోయాయి, చిన్నకోడలి చెయ్యి తప్ప. ఆమె ఎముకలోని మూలుగను జుర్రున పీల్చి, వేళ్లు ఒక్కొక్కటే నాకి, అప్పుడు తలెత్తింది.

"ఏం లేదక్కా."

పెద్దకోడలు ఆ వేళ్ల మీంచి చూపు తిప్పుకుంది. ఆమె కడుపు ఇప్పుడెంతని, కోసేయగా మిగిలింది అరటిపండంత. లావు తగ్గే ఆపరేషన్ అయి ఐదు నెలలు. పూటకి మూడు చెంచాలు తినాలి, ఒక్కో ముద్దా ముప్ఫైసార్లు నమలాలి అన్నాడు డాక్టరు. పదిహేను లెక్కపెట్టేసరికి మాంసం నానిన అట్టముక్క అవుతుంది. ఇరవై దాటాక అది ఎవరో నమిలి తన నోట్లో పెట్టినట్టుంటుంది. మింగితే రొమ్ములో రాయిలా అడ్డంపడి, నురగతో సహా వెనక్కొస్తుంది. అందుకే ఆమె మింగడం మానేసింది. మూతి తుడుచుకుంటున్నట్టు కాగితం రుమాల్లోకి ఊసేస్తుంది. గుప్పిట్లో ఆ వెచ్చటి ఉండతో గదిలోకి వెళ్లి, మంచం కింద వరసగా పేర్చిన ప్రోటీన్ పొడి డబ్బాల్లో చిట్టచివరిదాంట్లో కుక్కి మూత బిగిస్తుంది. అది నిండాక వాకింగ్‌కని బయల్దేరి చెత్తకుండీలో పడేస్తుంది. ఆమె పట్టుదలని చూసి నేర్చుకోమని మొగుడు అందరికీ చెబుతుంటాడు.

"నేనూ చూశానే," అంది అత్తగారు. "తువ్వాలు ఎత్తుగా ఉంది. నగలపెట్టేమో అనుకున్నా. రాత్రి నుంచి పెద్దదాని ఉంగరం కనబడక ఇల్లంతా తిరగేస్తున్నాం కదా, నోరు తెరిచి చెప్పవేం?"

ఆ ఉంగరం అత్తగారు పెట్టిందే. వేలు సన్నబడి జారిపోతోందని పెద్దకోడలు దానికి ఎర్రదారం చుట్టి తొడుక్కునేది. అయినా జారింది.

"అమ్మా, మా ఆవిడ తిండిపోతంటే ఒప్పుకుంటాను," అన్నాడు మరిది. "దొంగంటే మాత్రం ఊరుకోను."

"ఆ మాత్రం వెనకేసుకొచ్చారు, సంతోషం," అంది చిన్నకోడలు.

పెద్దకోడలు నవ్వలేదు. ఉంగరం పోయిందన్న బాధ పొద్దుటే పక్కకి తప్పుకుంది. తన గదిలో ఈ మనిషి ఇంకేం చూసిందోనన్న భయం దాని చోట్లో కూర్చుంది. స్నానాలగది తలుపు సందులోంచి ఆమె వెళ్లడం చూసి, స్నానం కాగానే వచ్చి వంగి మంచం కిందికి చూసుకుంది, డబ్బాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మొగుడు పక్కనే ఉండటంతో మూత తీయలేకపోయింది. అయినా ఒకటి మాత్రం తేటగా తోచింది: దొంగ అని ముద్ర పడితే, రేపు ఈమె ఏం చెప్పినా ఎవరూ నమ్మరు. ఆ ఆలోచనకి తన మీద తనకే రోత పుట్టింది. అయినా వదల్లేదు.

"ఉత్తచేతులతో పోయేదానివి, తువ్వాలెందుకు కప్పుకున్నావ్?" అంది, ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

మరిది లేచి పెళ్లాం కుట్టుబుట్ట తెచ్చి నేలమీద గుమ్మరించాడు. "చూసుకోండి వదినా, మీ కళ్లతోనే చూసుకోండి!" ఆమె కుట్టే బడిపిల్లల యూనిఫారాల గుండీలు, సుద్దముక్కలు, కత్తెర, నీలం దారపు ఉండలు. ఒక ఉండ దొర్లుకుంటూ వచ్చి పెద్దకోడలి కాలికి తగిలి ఆగింది. ఉంగరం లేదు.

"పోనీ ఏం పట్టుకెళ్లావో చెప్పేయమ్మా," అన్నాడు పెద్దకోడలి మొగుడు మెల్లగా. "ఇంతటితో పోతుంది."

చిన్నకోడలు తోడికోడలి కళ్లలోకి సూటిగా చూసింది. పెదవులు విడివడ్డాయి. పెద్దకోడలి నోట్లో ముద్ద ఇరవై రెండో నములు దగ్గర ఆగిపోయింది.

"చెప్పను బావగారూ."

"అదీ!" అంది అత్తగారు.

"ఇంక ఇక్కడ ఉండేది లేదు," అన్నాడు మరిది పెళ్లాంతో. "సాయంత్రానికల్లా వెళ్లిపోదాం, పెట్టెలు సర్దు."

చిన్నకోడలు కుర్చీని బర్రున వెనక్కి లాగి లేచింది. అందరి తలలూ అటు తిరిగాయి. ఆ సందులో పెద్దకోడలు రుమాల్లోకి ఊసేసింది. రోజూ అంతే, ఆ మనిషి జుర్రుకునే చప్పుడుకి అందరూ మొహం చిట్లించి అటు తిరుగుతారు, తన పని అయిపోతుంది.

"మీరు తినండక్కా," అంది చిన్నకోడలు గుమ్మం దగ్గర ఆగి. "చల్లారిపోతుంది."

ఎంత పొగరు! ఆ వేళ్లకింకా జిడ్డు మెరుస్తూనే ఉంది. పెద్దకోడలు గుప్పిట్లో వెచ్చటి ఉండతో తన గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. పక్కగదిలో పెట్టెలు ఈడుస్తున్న చప్పుడు. మంచం కింద చేయి పెట్టి చివరి డబ్బా లాగింది. అలవాటు ప్రకారం ఊపిరి బిగబట్టి, మొహం పక్కకి తిప్పుకుని మూత తీసింది.

ఎంతసేపని బిగబడుతుంది? ఊపిరి పీల్చుకుంది. పులిసిన కంపు లేదు. సబ్బు వాసన.

వంగి చూసింది. నాలుగు రోజుల ఎంగిలి మాయమైంది. డబ్బా తోమి, కడిగి, పొడిగా తుడిచి ఉంది. అడుగున ఉంగరం. దానికి తను చుట్టిన ఎర్రదారం లేదు. ఇకమీదట జారకుండా, దగ్గరదగ్గరగా, నీలం దారం చుట్టి ఉంది.