కళ్లు పెట్టని బొమ్మ

ఎం.ఎఫ్.ఏ. శిల్పం ఆఖరి పరీక్షలో బీథికా పాల్ తన తండ్రి మట్టిబొమ్మ మీది తడిగుడ్డ తీసింది. నుదుటి ముడతలు, చెవి మీద బీడీ అన్నీ ఉన్నాయి. కళ్లే లేవు.

మార్కులు వేయడానికి బయటినుంచి వచ్చిన నాకు ఒళ్లు మండింది.

“దుర్గమ్మ బొమ్మలు చేసే ఇంటి పిల్లవి. రెండేళ్లూ ఏం వెలగబెట్టావు? కళ్లు పెట్టడం మీ నాన్న నేర్పలేదా?”

“నేర్పాడు మాస్టారూ.”

“అయితే కుంచె తీసుకో. ఇప్పుడు పెట్టినా పాస్ చేస్తాను.”

తీసుకుంది. బొమ్మ దాకా వెళ్లి ఆగిపోయింది.

“మా ఇళ్లల్లో కళ్లు పెడితే బొమ్మకి ప్రాణం వచ్చినట్టే మాస్టారూ. ప్రాణం వచ్చాక ఇంట్లో ఉంచుకోనివ్వరు, గంగలో కలిపేయాలి. నాన్నని పోయిన నెలే ఒకసారి కలిపి వచ్చాను.”