బూడిద రంగు ఎరువు

ఎరువు సంచులు మళ్ళీ వెనక్కొచ్చాయి.

ఫ్యాక్టరీ పొగను అమ్మోనియాతో కడిగితే వచ్చే ఎరువు అది. పంచదారలా ఉండాల్సింది, బూడిద రంగులో గడ్డకట్టింది.

"ఇంకోసారి వెనక్కొస్తే ఎరువు విభాగం మూసేస్తాం," అన్నాడు మేనేజరు. అంటే నలభై మంది ఇంటికే.

కెమిస్టుకు తల తిరిగిపోయింది. నెలరోజులుగా ఆమె అమ్మోనియా పాళ్ళు మార్చని రోజు లేదు.

సంచులు కుట్టడానికి కొత్తగా చేరిన ముసలాయన ఓ గడ్డను వేళ్ళతో నలిపి చూశాడు.

"నీళ్ళని తేరనివ్వట్లేదమ్మా మీరు."

"ఏ నీళ్ళు?"

"పొగ కడిగిన నీళ్ళు. బూడిద అడుక్కి దిగకముందే మరగబెట్టేస్తున్నారు. పైగా ఆ కలియబెట్టే చక్రంతో గిరగిరా తిప్పేస్తున్నారు. ఇంక గింజ ఎప్పుడు ఎదుగుతుంది?"

"ఎరువుల గురించి నీకేం తెలుసు తాతా?"

"ఏమీ తెలీదమ్మా. తెల్లగా రావాల్సింది నల్లగా వస్తే మాత్రం తెలుస్తుంది."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. రెండు డిగ్రీలు చదివిన ఆమెకు ఒళ్ళు మండింది.

"నీ సూదీ దారం సంగతి నువ్వు చూసుకో."

ముసలాయన మళ్ళీ సూది అందుకున్నాడు. ఒప్పుకున్న రోజులు పూర్తికాగానే వెళ్ళిపోయాడు.

ఇక దారి తోచక, ఎవరికీ చెప్పకుండా, ఆమె ఒక తొట్టి నీళ్ళను రెండు రోజులు కదపకుండా ఉంచింది. అడుగున బెత్తెడు బురద దిగింది. పైన తేటనీటిని మాత్రమే తీసి మరిగించి, చక్రం వేగం సగానికి తగ్గించింది.

తెల్లటి గింజలు జలజలా రాలాయి.

ఈసారి సరుకు వెనక్కి రాలేదు. నలభై మందీ చప్పట్లు కొట్టారు.

"ఈ తెలివి నాది కాదు సార్, మన సంచులు కుట్టిన తాతది," అని మేనేజరు ముందు గట్టిగానే చెప్పింది. చెబుతుంటే ఆమెకు ఎంత గర్వమో!

ఆ సాయంత్రమే గుప్పెడు ఎరువు పొట్లం కట్టుకుని ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది.

తలుపు తీసిన కోడలు పొట్లం విప్పి చూసి కళ్ళు తుడుచుకుంది.

"మామయ్య పోయి పది రోజులైందండీ. 'ఆ పిల్ల మొండిది, ఎప్పటికైనా చేసి చూస్తుంది' అనేవారు."

కెమిస్టు తల దించుకుని అడిగింది.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారాయన?"

కోడలు తలెత్తి చెప్పింది.

"మీ చిమ్నీ బూడిద పడి మా ఉప్పు మడులు నల్లబడేదాకా, ఈ చుట్టుపక్కల వాళ్ళంతా తిన్న తెల్లటి ఉప్పు ఆయన పండించిందేనండీ."