జానెడు జాగా

"నాన్నా, ఎడమపక్క గోడకి బెత్తెడే ఉందని చెప్పు," అని గట్టిగా అరిచింది అక్క, కిటికీ అద్దానికి ముక్కు ఆనించి.

ఆ మాట వినాల్సిన మనిషి ఎక్కడో లేడు. ఆమె పక్క సీట్లోనే స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు, స్వయానా తమ్ముడు.

"కుడిపక్క కూడా బెత్తెడే నాన్నా. ఈ గోడలు నేను కట్టలేదని చెప్పు," అన్నాడు వాడు ఆమె వైపు చూడకుండా.

బండి వెనక నిలబడ్డ నాన్న ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేశాడు. ఆయనకిది కొత్తేం కాదు, ఏడాదిగా ఇదే ఉద్యోగం.

బండి మామూలుది కాదు. పొయ్యి, పడకలు, మడతబల్ల అన్నీ లోపలే ఉన్న ఇల్లుబండి. షెడ్డేమో ఎప్పుడో సామాను వ్యాను కోసం కట్టింది. అమ్మేద్దామని అక్క, ఉంచుదామని తమ్ముడు, ఇద్దరికీ మాటలు ఆగింది అక్కడే. ఎవరికి వారు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. చివరికి నాన్న విసిగిపోయి తేల్చేశాడు. బండి లోపల పట్టి వెనక షట్టరు పడిందా, ఉంచుదాం. పడలేదా, సాయంత్రం వచ్చే కొనేవాడి చేతిలో తాళం పెట్టేద్దాం. ఆయన మోకాలు క్లచ్చు తొక్కనివ్వదు. పక్క అద్దాలు మడిస్తే గాని బండి దూరదు. అందుకని ఒకరు నడపాలి, ఒకరు చూడాలి.

"ఆగిందేం? షట్టరు పడాలంటే ఇంకో జానెడు ముందుకెళ్ళాలి," అని వెనకనుంచి కేకేశాడు నాన్న.

తమ్ముడు బ్రేకు మీదనుంచి కాలు తీయలేదు. ఎడమ మూల ఒక స్తంభం ఉంది. అది అక్కకి తప్ప వాడికి కనపడదు. 'తగులుతోంది, ఆపు' అని ఆమె ఒక్క మాటంటే చాలు, బండి అమ్ముడుపోయినట్టే.

అక్క స్తంభం వైపు చాలాసేపు చూసింది.

"జాగా ఉంది. రా," అంది. నాన్నతో కాదు, తిన్నగా తమ్ముడితోనే.

వాడు బండిని మెల్లగా పోనిచ్చాడు. వెనక షట్టరు గరగరమని దిగింది, మళ్ళీ లేచింది. "పట్టిందర్రా," అన్నాడు నాన్న.

"పొగ నిండిపోతోంది," అంటూ అక్కే చెయ్యి చాపి ఇంజను ఆపేసింది.

తమ్ముడు దిగబోయాడు. తలుపు బెత్తెడు తెరుచుకుని గోడకి కొట్టుకుంది. అక్క వైపూ అంతే. వెనక తలుపు లేదు, ఉన్న అద్దమూ కదలకుండా ఎప్పుడో బిగించేశారు. పైన ఉన్న గాలికిటికీలోంచి పిల్లి అయితే దూరుతుందేమో.

"నాన్నా, ఇరుక్కుపోయాం," అన్నారిద్దరూ ఒకేసారి.

"అయితే గోడ పగలగొట్టించాల్సిందే. మేస్త్రీని తీసుకొస్తాను, మీరు కంగారు పడకండి," అన్నాడు నాన్న. చెప్పుల చప్పుడు దూరమైంది.

ఇక మాటలు మోసే మనిషి లేడు. "దాహం వేస్తోంది," అన్నాడు తమ్ముడు స్టీరింగుతో. స్టీరింగు బదులివ్వలేదు. "వెనక సీసా ఉంది," అంది అక్క సీటు కవరుతో.

నీళ్ళ కోసం వెనక్కి వెళ్ళినవాడు దీపం వేసి, అక్కడే నిలబడిపోయాడు. ఆ పచ్చటి వెలుగులో అంతా అలాగే ఉంది. మడతబల్ల మధ్యలో మేకుతో గీసిన గీత. ఇటు అక్క రాజ్యం, అటు తమ్ముడి రాజ్యం. సొరుగు లాగితే పేకముక్కలు. ఇస్పేటు జాకీ పోయిందని సబ్బుపెట్టె అట్ట మీద చిన్నప్పుడు వాడు గీసిన జాకీ, అచ్చం నాన్న మీసంతో.

దాన్ని చూసి అక్కకి నవ్వాగలేదు. వచ్చి తన పాత మూలలో దిండు మీద కూలబడింది.

"పొద్దున్నే కళ్ళు తెరిస్తే ఈ కిటికీలో కొత్త ఊరు ఉండేది," అంది. "ఒకరోజు సముద్రం, ఒకరోజు కొండ."

"ఇవాళ ఇటుకలు."

"ఉరిమితే నా పడక ఎక్కేసేవాడివి."

"నువ్వు తన్నేదానివి."

"తన్నితే మాత్రం దిగేవాడివా?"

తమ్ముడు ముక్కలు కలుపుతూ అడిగాడు. "ఇంత ప్రేమ ఉన్నదానివి అమ్మేద్దామని ఎందుకన్నావు?"

"వీధిలో ఎండకీ వానకీ తుప్పు పట్టిపోతుంటే చూడలేక. ఎవరో ఒకరు తిప్పుకుంటే బతుకుతుంది కదా అని."

"ఈ మాట నాతో అనలేదేం?"

"నాన్నతో చెప్పించాను."

"'అక్క అమ్మేయమంటోంది' అన్నాడు నాన్న. అంతే."

మోసే మాటల సంగతే అంత. బరువైనవి దారిలో జారిపోతాయి, ముళ్ళున్నవి మాత్రం భద్రంగా చేరతాయి. అక్క కళ్ళు తుడుచుకుంది.

"నీడకి వచ్చింది కదా, ఇంక అమ్మొద్దు. కొనేవాడికి నేనే చెబుతాను," అంది.

ఒక ఆట అయింది. ఇంకోటి మొదలుపెట్టారు. గీత దాటి చెయ్యి నువ్వు పెట్టావంటే నువ్వు పెట్టావని మధ్యలో హాయిగా పోట్లాడుకున్నారు కూడా. ఎంతసేపైనా మేస్త్రీ జాడ లేదు. షెడ్డు గుమ్మం దగ్గర మాత్రం ఎవరో కుర్చీ లాక్కున్న చప్పుడు, ఆ వెంటనే తెలిసిన దగ్గు.

"నాన్న అసలు వెళ్ళనేలేదు," అంది అక్క గొంతు తగ్గించి.

తమ్ముడు ముక్కల వెనక మొహం దాచుకున్నాడు. "ఎందుకు వెళ్తాడు? ముందుకి వచ్చిన బండి వెనక్కీ వెళ్తుంది కదా. రివర్సు గేరు వేస్తే చిటికెలో బయటపడతాం. ఈ మీసాల జాకీ కనపడ్డప్పుడే నాకు తట్టింది. చెప్పలేదని తిట్టకు."

అక్క తిట్టలేదు. కూర్చున్న దిండు కిందనుంచి బండి తాళంచెవి తీసి, బల్ల మీద సరిగ్గా గీత మీద పెట్టింది.

"నాకు ఇంజను ఆపినప్పుడే తట్టింది. ముక్కలు పంచు."