గంటన్నర దూరం

విమానం చప్పుడు వినపడగానే మల్లీశ్వరి గొర్ల దొడ్డి ఊడ్వడం ఆపి తల పైకెత్తింది.

"నీ రెక్కలిరగ!"

కేతేపల్లి మీదుగా పోయే ప్రతి విమానాన్నీ ఆమె అట్లా తిడుతూనే ఉంటుంది. ఏడాదిగా.

పోయిన ఏడు ఆమె భర్త బీరన్న బొంబాయిలో కడుతున్న మేడ మీది నుంచి పడి చనిపోయాడు. మేస్త్రి ఫోను చేసి "బస్సెక్కి రా" అన్నాడు. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. రాత్రంతా బస్సులో ఏడ్చుకుంటూ పోతే కాటికాపరి ఆమె చేతిలో పెట్టింది బూడిద.

విమానంలో అయితే గంటన్నరేనని తర్వాత బిడ్డ అనూహ్య చెప్పింది.

ఆ గంటన్నర మల్లీశ్వరి గుండెలో ముల్లై దిగింది. తను చేరకముందే కాలబెట్టింది మేస్త్రేనని ఆమె నమ్మకం. అతని ముఖం ఎన్నడూ చూడలేదు. చూసిన రోజు వదిలేది లేదనుకుంది.

"అక్కా, బీరన్న ఇల్లు ఇదేనా?"

దడి అవతల ఎవరో బక్కపలచటి మనిషి. భుజాన సంచి.

"యాడికెల్లి వచ్చినవ్?"

"బొంబాయికెల్లి. నా పేరు దివాకర్. రేపు ఏడాది మాసికం గదా, అందుకని..."

మల్లీశ్వరి చీపురు పారేసింది.

"మా ఆయనను కాలబెట్టింది నువ్వేనా?"

అతను తల వంచుకున్నాడు.

"నేనే అక్కా."

"బొంబాయికి ఇమానంల ఎంతసేపు?"

"నేనెన్నడు ఎక్కలే. గంటన్నర అంటరు."

"ఎరుకే గదా! మరి నన్ను ఇమానం ఎక్కియ్యనీకి నీకేం రోగమొచ్చింది? ఒక్కసారి మొఖం సూసుకుంటుంటి గదరా!"

"జర ఆగుమన్న అక్కా. దవాఖానోళ్లు ఇనలే..."

"నీ పాపం మంది మీద పెట్టకు!"

అరుపులకు పక్కింటి జంగమ్మ చెంబుతో వచ్చింది.

"ఎవ్వలైతేంది వదినే, వాకిట్లకొచ్చినోనికి ముందుగాల నీళ్లియ్యి."

"నీళ్లా? మా ఆయన నోట్ల నన్ను సుక్క పొయ్యనిచ్చిండా వీడు?"

చెంబు లాక్కుని నీళ్లు నేలపాలు చేసింది.

"కాలబెట్టి, మల్ల మాసికం బువ్వకొచ్చినవా? నీ నోట్ల మన్నువడ!"

వంగి దోసెడు మన్ను తీసి అతని ముఖాన కొట్టింది.

అతను కళ్లు తుడుచుకున్నాడు. సంచి సర్దుకుని పెద్దరోడ్డు దిక్కు నడిచాడు.

మల్లీశ్వరి అరుగు మీద కూలబడింది. ఏడాదిలో మొదటిసారి నిండుగా గాలి పీల్చుకుంది.

"నా కడుపు సల్లవడ్డది జంగమ్మా."

కాసేపటికి ఇంకొకతను రొప్పుకుంటూ వచ్చాడు. ఒక చేతిలో టెంకాయలు, ఒక చేతిలో పూలదండ.

"అక్కా, నేను ఐలేశంను, పాలమూరోన్ని. దివాకర్ తోని బొంబాయిల పనిజేస్త. దండ కొననీకి రోడ్డుకాడ ఆగిన. వాడు ఎదురొచ్చి, పిలుస్తుంటే పలుకకుండ హైదరాబాద్ బస్సెక్కి పాయె. ఏమైంది?"

"మన్నువోసి తోలిన. మేస్త్రిగానికి ఇంకేం మర్యాద జేస్తరు?"

ఐలేశం చేతిలోని దండ అరుగు మీద పెట్టాడు.

"మేస్త్రి ఆనాడే పారిపోయిండక్కా. దిక్కులేని శవమని దవాఖానోళ్లు తీసుకపోతుంటే, 'మా అన్న' అని అబద్ధమాడి తలగొరివి పెట్టినోడు దివాకర్."