ఉప్పుపిండి రొట్టె

మైదాలో సగానికి సగం ఉప్పు కలిపి, వారం రోజులుగా బొమ్మలే చేస్తోంది చిన్నారి ఒరీస్యా. క్రిస్మస్ చెట్టుకి కట్టే పిట్టలూ చేపలూ పొయ్యి పక్కన ఆరుతున్నాయి. ఆఖరున అరచేతంత రొట్టె చేసింది. పైన ఉప్పు పోయడానికి చిన్న గుంట కూడా పెట్టింది.

"మంచి పని చేశావే. కుట్టుపూల తువ్వాలు మీద పెట్టుకుని గుమ్మంలో నిలబడు. ఇటలీ నుంచి వచ్చే మీ అమ్మకి మన ఆచారం ప్రకారం రొట్టె, ఉప్పు ఇచ్చి లోపలికి పిలవాలి," అన్నాను.

నేను పక్కింటిదాన్ని. నాలుగేళ్ళుగా పిల్ల నా దగ్గరే పెరిగింది. ఇప్పుడు తల్లి తనతో తీసుకుపోతోంది.

కారు వచ్చి ఆగింది. ఒరీస్యా వట్టి చేతులతో గుమ్మంలోకి బయల్దేరింది.

"రొట్టె ఏదే?"

"అది అమ్మకి కాదు పరాస్కా అవ్వా, నీకు. నేను తిరిగొచ్చినప్పుడు నువ్వు పట్టుకుని నిలబడాలి."

"దాన్నెవరు తింటారే పిచ్చిమొహమా? పళ్ళూడతాయి."

"తినేది కాదు కాబట్టే, నేనొచ్చేదాకా పాడవదు."

తొమ్మిదేళ్ళయింది. చిరిగిపోతే రొట్టె కింది తువ్వాలు రెండుసార్లు మార్చాను. పిల్ల చెప్పింది నిజమే, రొట్టె పాడవలేదు.